గ్లైఫోసేట్ కలుపు మందు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

చెట్ల వరసల మధ్య, గట్ల మీద, కంచె వెంట గ్లైఫోసేట్ 41 శాతం మందును చాలా ఏళ్లుగా వాడుతున్నాను. గరికను వేళ్లతో సహా చంపడంలో దీనికి సాటి వచ్చే మందు నేను చూడలేదు. అయినా కొనమంటారా అని ఎవరైనా అడిగితే, మంచి గ్లౌజులు ఉన్నాయా, స్ప్రేయర్ ఎక్కడైనా కారుతోందా అన్నదే ముందు అడుగుతాను. ఈ మందు మనిషికి హాని చేస్తుందా లేదా అన్న వాదనంతా గ్లైఫోసేట్ అనే ఒక్క రసాయనం చుట్టూ తిరుగుతుంది. మన ఒంటి మీద పడేది డబ్బాలో ఉన్న మిశ్రమమంతా. ఆ తేడాను లేబుల్ సరిగ్గా చెప్పదు. ఇది రాయడానికి అసలు కారణం అదే.

పనితనం సంగతి ముందు చెప్తాను. ఆకు మీద పడిన మందు మొక్క లోపలికి దిగి వేరు దాకా పోతుంది. మొక్కకు అవసరమైన కొన్ని అమైనో ఆమ్లాలు తయారు కావాలంటే ఒక ఎంజైమ్ పని చేయాలి, మందు దాన్ని ఆపేస్తుంది. మూడు నాలుగు రోజులదాకా ఏమీ కనిపించదు. ఆ తర్వాత పచ్చదనం పాలిపోతుంది. ఏడాదిలో పోయే కలుపు ఒకటి రెండు వారాల్లో ఎండుతుంది, గరికకు ఇంకాస్త ఎక్కువ పడుతుంది. తుంగకు మాత్రం ఒక్కసారి చాలదు, నేలలోని గడ్డల నుంచి మళ్లీ మొలుస్తుంది. నీళ్లు చాలా ముఖ్యం. మట్టి రేణువులకు ఈ మందు అతుక్కుపోతుంది కాబట్టి బురద నీళ్లలో కలిపితే సత్తా పోతుంది. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న గట్టి నీళ్లూ దాన్ని దెబ్బతీస్తాయి. మందు పని చేయలేదని మోతాదు పెంచేవాళ్లు చాలాచోట్ల ముందు నీళ్లను చూసుకోవాలి. అనవసరంగా పెంచిన ప్రతి చుక్కా నేలకీ మనిషికీ అదనపు భారమే.

ఆ ఎంజైమ్ మనుషుల్లో, జంతువుల్లో లేదు. ఈ మందు మనకేమీ చేయదన్న మాట అక్కడే పుట్టింది, ఆ వాస్తవంలో తప్పు లేదు. కానీ గ్లైఫోసేట్ ఆకు మీది మైనపు పొరను దాటాలంటే సర్ఫాక్టెంట్ కావాలి. సబ్బులా ఆకును తడిపే పదార్థం అది. పాత మిశ్రమాల్లో ఎక్కువగా వాడిన పీఓఈఏ అనే సర్ఫాక్టెంట్ చాలా పరీక్షల్లో గ్లైఫోసేట్ కంటే విషపూరితంగా తేలింది. యూరోపియన్ యూనియన్ 2016లో గ్లైఫోసేట్ మందుల్లో దాన్ని నిషేధించింది కూడా. డబ్బా మీద మాత్రం గ్లైఫోసేట్ శాతం పెద్ద అక్షరాల్లో ఉంటుంది, మిగతాదంతా ఇతర పదార్థాలు అన్న ఒక్క మాటలో సర్దేస్తారు. కొట్టేవాడికి తెలియాల్సింది అక్కడే దాచినట్టుంటే నాకు కోపం వస్తుంది.

నా ఒంటి మీద చూసింది చెప్తాను. గాలి ఉన్న రోజు కొడితే కళ్లు మండుతాయి, గొంతులో గరగర. తడిసిన కలుపులో నడిస్తే ప్యాంటు నానిన చోట, తొడల దగ్గర దురద. రెండు మూడు రోజుల్లో తగ్గేది. నా వరకు ఇంతకు మించి ఏమీ రాలేదు, కానీ ఒక్కడి అనుభవంతో క్యాన్సర్ లాంటి విషయం తేలదు. చర్మం గుండా లోపలికి పోయే గ్లైఫోసేట్ తక్కువేనని పరీక్షలు చెబుతున్నాయి. తక్కువే అయినా వారాల తరబడి రోజూ కొట్టే కూలీ పరిస్థితి వేరు, నెలకోసారి పెరట్లో కొట్టే మనిషి పరిస్థితి వేరు. ఇద్దరికీ ఒకే మాట చెప్పి పంపడం అన్యాయం.

క్యాన్సర్ మీద ఉన్న వాదన విన్నప్పుడల్లా టెన్షన్ పడేవాళ్లకు కొంచెం విడమరచి చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ ఐఏఆర్‌సీ 2015లో గ్లైఫోసేట్‌ను 2ఏ వర్గంలో, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఎక్కువగా ఉన్నవాటి జాబితాలో చేర్చింది. ఒక పదార్థానికి ఆ గుణం ఉందా లేదా అన్నదే ఆ సంస్థ చూస్తుంది. ఎంత మోతాదులో ఎంత ప్రమాదమో లెక్కగట్టదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ అలాంటి అవకాశం లేదని చెప్పింది. 2022లో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు, ఆ నిర్ణయంలో మనుషుల ఆరోగ్యానికి సంబంధించిన భాగానికి సరైన ఆధారాలు లేవని కొట్టేసింది. యూరోపియన్ యూనియన్ 2023లో మరో పదేళ్లకు అనుమతి పొడిగించింది. మందు కొట్టే 54 వేల మందికి పైగా మనుషుల మీద అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం 2018లో వెలువడింది. నాన్-హాడ్కిన్ లింఫోమా అనే ఒక రకం రక్త క్యాన్సర్‌తో స్పష్టమైన సంబంధం అందులో కనబడలేదు. 2019లో ఆ అధ్యయనంతో పాటు మరికొన్నింటిని కలిపి చేసిన విశ్లేషణ మాత్రం, బాగా ఎక్కువగా మందుకు గురైనవాళ్లలో ఆ జబ్బు ముప్పు సుమారు 41 శాతం పెరిగిందని లెక్కగట్టింది. ఇన్ని భిన్నాభిప్రాయాలున్న చోట తాగినా ఏమీ కాదని ధీమాగా అనేవాళ్లనీ, తాకితే చస్తారనేవాళ్లనీ నేను నమ్మను. అన్నట్టు, తాగితే ప్రాణం పోతుంది. గ్లైఫోసేట్ మందు ఎక్కువ మోతాదులో తాగి చనిపోయినవాళ్లు ఎందరో ఉన్నారు, దీనికి ప్రత్యేకమైన విరుగుడు లేదు.

డ్వేన్ జాన్సన్ కేసు నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. కాలిఫోర్నియాలో బడుల ఆవరణల్లో కలుపు మందు కొట్టే ఉద్యోగి ఆయన. మందు ఒంటి మీద పడి తడిసిన సందర్భాలున్నాయని కోర్టులో చెప్పారు. ఆయనకు లింఫోమా వచ్చింది. 2018లో జ్యూరీ 28.9 కోట్ల డాలర్ల పరిహారం ఇమ్మంది, పైకోర్టులో అది సుమారు 2 కోట్ల డాలర్లకు తగ్గింది. జ్యూరీ తీర్పు వైద్యశాస్త్రానికి రుజువు కాదు. కానీ చదివాక నా స్ప్రేయర్ ట్రిగ్గర్ దగ్గర కారే చుక్కను చూసే చూపు మారింది. వాషర్లు అరిగితే ఆ రోజే మారుస్తాను.

నేల మీద దీని ప్రభావం నాకు నెమ్మదిగా కనిపించింది. గ్లైఫోసేట్ మట్టికి గట్టిగా పట్టుకుంటుంది. సూక్ష్మజీవులు దాన్ని కొన్ని రోజుల్లో కానీ కొన్ని నెల్లలో కానీ విడగొడతాయి, నేలను బట్టి ఉంటుంది. విడిపోయాక మిగిలే ఆంపా అనే పదార్థం ఇంకా ఎక్కువ కాలం ఉంటుంది. పెద్ద వాన పడితే మట్టితో పాటు కొట్టుకుపోయి నీళ్లలో చేరుతుంది. కప్పలున్న గుంట పక్కన నేను కొట్టను. 2005లో అమెరికాలో రిక్ రెల్యా అనే శాస్త్రవేత్త జరిపిన ప్రయోగాల్లో పీఓఈఏ ఉన్న మందు తోకకప్పలను దాదాపు అన్నింటినీ చంపింది. తేనెటీగల సంగతి ఇంకో రకం. ఈ మందు ఆపే ఎంజైమ్ చాలా బాక్టీరియాలో ఉంటుంది. తేనెటీగల పేగుల్లో మేలు చేసే బాక్టీరియా దెబ్బతిని, అవి రోగాలకు తేలిగ్గా లొంగుతున్నాయని టెక్సాస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో చూపించారు.

అన్నింటికంటే నన్ను బాధపెట్టింది నా గట్లే. పచ్చిక ఉన్నంత కాలం వాన దెబ్బకు నిలిచిన గట్లు, ఏటా మందు కొట్టి బోడి చేసేసరికి అంచులు జారాయి. ఆ చోట్ల మొలిచేది కూడా మారింది. మెత్తటి గడ్డి పోయి, మందుకు సరిగ్గా లొంగని మొక్కలే మిగిలాయి. ఇది నా ఒక్కడి సమస్య కాదు. ఈ మందుకు తట్టుకునే కలుపును 1996లోనే ఆస్ట్రేలియాలో రై గడ్డిలో గుర్తించారు. అమెరికా పత్తి, సోయా పొలాల్లో తోటకూర జాతికి చెందిన పామర్ అమరాంథ్ అనే కలుపు ఇప్పుడు పెద్ద తలనొప్పి. మందు కొట్టేకొద్దీ తట్టుకున్న మొక్కలకే విత్తనం పెరుగుతుంది. మోతాదు పెంచితే ఆ పరుగు ఇంకా వేగమవుతుంది.

అందుకే ఇప్పుడు గట్ల మీద కొట్టడం మానేశాను, కోసి వదిలేస్తున్నాను. చెట్ల మధ్య ఆకులూ ఎండుగడ్డీ పరుస్తున్నాను. కంచె మూలల్లో, దారిలో పాకిన గరికకు మాత్రం, నాజిల్‌కు మందు పక్కలకు చెదరకుండా హుడ్ తొడిగి, నేలకు దగ్గరగా పట్టి, గాలి లేని పొద్దున పూట కొడతాను. ఆ వాడకానికి ఐదుకు మూడున్నర ఇస్తాను. పొలమంతా కప్పేలా కొట్టే పద్ధతికైతే ఒకటిన్నర కూడా ఎక్కువే. గ్లౌజులు రబ్బరు లాంటి నైట్రైల్‌వి కావాలి, బట్టవి మందును పీల్చి చర్మానికే అంటిస్తాయి. కళ్లద్దాలు, పొడుగు ప్యాంటు, బూట్లు తప్పనిసరి. డబ్బా మూత తీసి కలిపే క్షణాల్లోనే చేతుల మీద చిక్కటి మందు పడుతుంది, అప్పుడు గ్లౌజులు లేకపోతే తర్వాత వేసుకున్నా లాభం తక్కువ. తిరిగొచ్చాక ఆ బట్టలు వేరుగా ఉతకాలి. మిగిలిన మందును నీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టొద్దు. అసలు డబ్బాలోనే, తాళం వేసిన చోట, పిల్లలకు అందకుండా ఉంచండి.