సూర్యుడి సర్వీసు మీద ఒక సోలార్ మెకానిక్ రివ్యూ

కర్నూలులో మేడల మీద సోలార్ ప్యానెళ్ళు బిగించే పని నాది. ప్యానెళ్ళ కంపెనీల మీద రివ్యూలు కావలసినన్ని ఉన్నాయి. ఇన్వర్టర్ల మీద ఉన్నాయి. నా షాపు మీద కూడా ఒకాయన "మనిషి మంచోడే, ఫోన్ ఎత్తడు" అని రాసిపెట్టాడు. అసలు సరుకు ఇచ్చేవాడి మీద మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. అందుకని ఇది సూర్యుడి మీద రివ్యూ. సరిగ్గా చెప్పాలంటే, ఆయన కడుపులో జరిగే కేంద్రక సంలీనం మీద, అంటే చిన్న పరమాణు కేంద్రకాలు కలిసి పెద్దవి కావడం మీద. ఐదు చుక్కలకు నాలుగున్నర ఇస్తున్నాను.

ముందు సరుకు తయారీ. సూర్యుడి నడిమధ్యన వేడి కోటిన్నర డిగ్రీలు. అక్కడ సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ కలిసిపోయి హీలియం అవుతుంది. వచ్చిన హీలియాన్ని తూకం వేస్తే 40 లక్షల టన్నులు తక్కువ ఉంటుంది. మా మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల మూటకు తరుగు తీస్తే రైతు ప్రాణం ఉసూరుమంటుంది, ఆ తరుగు ఎవరి జేబులోకి పోయిందో అందరికీ తెలుసు. ఇక్కడ తరుగు దాదాపు మొత్తం వెలుగై బయటికి వస్తుంది, అందులో రవ్వంత మన నెత్తిన పడుతోంది. పొగ లేదు, బూడిద లేదు, బొగ్గు వ్యాగన్ రాలేదన్న సాకు లేదు. 460 కోట్ల ఏళ్ళుగా ఒక్క పూట కూడా పవర్ కట్ లేదు. రాత్రి ఉంది కదా అంటారేమో. రాత్రి మన భూమి వీపు తిప్పుకోవడం వల్ల వచ్చేది, ఆయన ఖాతాలో రాయకూడదు.

ఈ హీలియం కథలో మనవాళ్ళ ఊరు కూడా ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడడానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగును గాజు పట్టకంతో విడదీసి చూశాడు. ఆ ఏడాది సూర్యుడి వెలుగులో కనిపించిన ఒక పసుపు గీత ఏ మూలకానిదో ఎవరికీ అంతు చిక్కలేదు. ఇంగ్లండులో లాక్యర్ అనే శాస్త్రవేత్త అది కొత్త మూలకం అయ్యుంటుందని చెప్పి, సూర్యుడి పేరు మీదే హీలియం అన్నాడు. భూమ్మీద అది చేతికి చిక్కింది 1895లో. అది సూర్యుడి పొయ్యిలో మిగిలే సరుకని ఎడింగ్టన్ అనే శాస్త్రవేత్త 1920లో ఊహిస్తే, ఎలా తయారవుతుందో 1939లో బెథే అనే ఇంకో శాస్త్రవేత్త లెక్క కట్టి చూపించాడు. ఆయనకు 1967లో నోబెల్ వచ్చింది.

ఇక నేను ఎక్కువ మార్కులు వేసేది దేనికంటే, నిదానానికి.

మే నెలలో మా ఊరి ఎండ చూసినవాళ్ళెవరూ ఈ మాట నమ్మరు. కానీ సూర్యుడి నడిమధ్యన ఒక ఘనమీటరు చోటు తీసుకుంటే, అందులో పుట్టే శక్తి 300 వాట్లు కూడా ఉండదు. నేను బిగించే ఒక్క ప్యానెల్ మీద 540 వాట్లు అని రాసి ఉంటుంది. అంత పెద్ద పొయ్యి నిజానికి సన్న సెగ మీదే నడుస్తోంది. కొండంత వెలుగు రావడానికి కారణం సూర్యుడి సైజు, మంట జోరు కాదు. ఆ లోపల రెండు ప్రోటాన్లు, అంటే హైడ్రోజన్ కేంద్రకాలు, ఢీకొన్నప్పుడల్లా కలవవు. దాదాపు ఎప్పుడూ కలవవు. ఒక ప్రోటాన్‌కు జత కుదరాలంటే సగటున సుమారు 900 కోట్ల ఏళ్ళు పడుతుంది. మన సంబంధాల బ్రోకర్లే నయం. అయితే అక్కడున్న ప్రోటాన్లు లెక్కకు అందనన్ని కాబట్టి, ఏ సెకనులో చూసినా కోటానుకోట్ల జతలు కుదురుతూనే ఉంటాయి.

దీని కంట్రోలు చూస్తే నాలాంటివాడికి అసూయ. మా వీధిలో వోల్టేజ్ సాయంత్రం 180కి పడిపోతుంది, రాత్రి పదకొండుకు ఎగబాకుతుంది. స్టెబిలైజర్లు అమ్మి నేను నాలుగు డబ్బులు చూసింది ఆ పుణ్యాన్నే. సూర్యుడికి స్టెబిలైజర్ లేదు, లోడు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీ స్విచ్ లేదు. సంలీనం కాస్త జోరందుకుంటే నడిమి భాగం వేడెక్కి ఉబ్బుతుంది. ఉబ్బితే చల్లబడుతుంది, చల్లబడితే జోరు తగ్గుతుంది. మరీ తగ్గితే పైనున్న బరువు నొక్కి మళ్ళీ వేడెక్కిస్తుంది. అంతే, ఇంకో ఏర్పాటు లేదు.

జోరుగా నడిచే సర్వీసు కావాలంటే ఆర్ద్ర నక్షత్రాన్ని చూడండి. ఆర్ద్ర కార్తె అని విత్తనాల లెక్కకు వాడుకునే పేరే. ఆ కార్తెలో సూర్యుడు అటే ఉంటాడు కాబట్టి చుక్క కనపడదు. సంక్రాంతి రోజుల్లో రాత్రి తొమ్మిది దాటాక మేడెక్కితే ఎర్రగా మెరుస్తూ ఉంటుంది. సూర్యుడికంటే పది రెట్లకు పైగా బరువు, వెలుగు వేల రెట్లు. వయసు చూస్తే కోటి ఏళ్ళ లోపే ఉంటుందంటారు, అప్పుడే ముగింపుకు వచ్చేసింది. ఎప్పుడో ఒకప్పుడు పేలిపోతుంది. అలాంటి నక్షత్రం పక్కన భూమి ఉండి ఉంటే, అది చల్లారి నీళ్ళు నిలిచే లోపే కరెంటు పోయేది.

ప్యాకింగ్ కూడా బాగుంది. లోపల పుట్టేటప్పుడు ఈ శక్తి గామా కిరణాల రూపంలో ఉంటుంది. అదే రూపంలో మన మీద పడితే ఇక ఊరు లేదు, పేరు లేదు. అది అణువణువుకూ తగిలి, అడ్డదిడ్డంగా తిరిగి పైకి రావడానికి వేల ఏళ్ళు, కొన్ని లెక్కల ప్రకారం లక్ష ఏళ్ళ పైనే పడుతుంది. ఆలోపు మెత్తబడి మామూలు వెలుగవుతుంది. బయటపడ్డాక ఇల్లు చేరడానికి 8 నిమిషాల 20 సెకన్లే. కొంచెం అతినీల కిరణాలు మిగులుతాయి. వాటిని ఓజోన్ చాలావరకు ఆపుతుంది. మిగిలింది నా మెడ వెనక చర్మం మీద కనిపిస్తుంది.

మీటరు తగాదా ఒకటి చెప్పాలి. సంలీనంలో న్యూట్రినోలు అనే అతి తేలికైన కణాలు కూడా పుడతాయి. ఇవి ఏ అడ్డూ లేకుండా నేరుగా వచ్చేస్తాయి. మీ బొటనవేలి గోరు మీద సెకనుకు వేల కోట్లు దూసుకుపోతున్నాయి. అమెరికాలో డేవిస్ అనే ఆయన ఒక బంగారు గనిలో బాగా లోతున ట్యాంకు పెట్టి 1960ల చివర్లో వీటిని లెక్కించడం మొదలుపెట్టాడు. రావలసిన దాంట్లో మూడో వంతే వచ్చాయి. మీటరు తప్పా, సూర్యుడు తప్పా అని ముప్పై ఏళ్ళు కొట్టుకున్నారు. తీరా 2001, 2002లో కెనడాలో తేలింది ఏమిటంటే, ఇద్దరి తప్పూ లేదు. న్యూట్రినోలు దారిలో రకం మారిపోతున్నాయి, డేవిస్ ట్యాంకు ఒక్క రకాన్నే పట్టగలదు. నా కస్టమరు ఒకరికి నెట్ మీటర్ రీడింగు తేడా వస్తే ఆఫీసులో మూడు నెలలు తిప్పించి, ప్యానెళ్ళదే తప్పన్నారు. ముప్పై ఏళ్ళు ఓపిక పట్టి మీటరును నమ్మిన డేవిస్‌కు 2002లో నోబెల్ ఇచ్చారు.

ఇదే సరుకు భూమ్మీద తయారుచేస్తామని చాలామంది తిరుగుతున్నారు. సూర్యుడి బరువు మన దగ్గర లేదు కాబట్టి వేడి పెంచాలి. ఫ్రాన్స్‌లో కడుతున్న ఇటర్ అనే సంలీన యంత్రంలో 15 కోట్ల డిగ్రీలు కావాలి, అంటే సూర్యుడి నడిమధ్యకు పది రెట్లు. అందులో మన దేశానికీ వాటా ఉంది. 2022 డిసెంబరులో అమెరికాలో లేజర్లతో 2.05 మెగాజౌళ్ళ శక్తి పెట్టి 3.15 రాబట్టారు. గొప్ప విషయమే. కానీ ఆ లేజర్లు గ్రిడ్ నుంచి లాగింది 300 మెగాజౌళ్ళ దాకా. మీటరు దగ్గర నిలబడి చూసేవాడికి ఇది ఇంకా నష్టాల వ్యాపారమే.

ఇక అర చుక్క ఎందుకు కోశానంటే, గ్యారంటీ కార్డు వెనక చిన్న అక్షరాల్లో రాసింది చదివి. ముందు వైపు 500 కోట్ల ఏళ్ళ ఇంధనం ఉందని ఉంటుంది, అది నిజమే. కానీ నడిమధ్యన హీలియం పేరుకునే కొద్దీ సూర్యుడి వెలుగు నెమ్మదిగా పెరుగుతోంది, వంద కోట్ల ఏళ్ళకు సుమారు 10 శాతం. ఆ లెక్కన సముద్రాలు ఆవిరయ్యే రోజు ఇంధనం అయిపోవడానికి చాలా ముందే వస్తుంది. పొయ్యిలో కట్టెలు ఉన్నంతకాలం మనం ఉంటామని రాసివ్వలేదు.

ఆ తరవాత ఏమవుతుందో రోహిణి నక్షత్రం ఇప్పుడే చూపిస్తోంది. రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటాం కదా, ఆ రోహిణే. బరువులో మన సూర్యుడికి దగ్గరిదే, కానీ నడిమి హైడ్రోజన్ అయిపోయి సూర్యుడికి దాదాపు 45 రెట్లు ఉబ్బిపోయింది. అలాంటి ముసలి నక్షత్రాల కడుపులోనే ముందుముందు మూడు హీలియంలు కలిసి కార్బన్ అవుతుంది. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతారే, ఆ వజ్రాల్లోని కార్బన్ ఇలా పాత నక్షత్రాల్లో వండిందే. మన సూర్యుడు ఇంకా ఆ వంట మొదలుపెట్టలేదు. ఇనుము కంటే బరువైన మూలకాలు మామూలు సంలీనంలో లాభానికి రావు, కాబట్టి బంగారం ఆశ అసలు పెట్టుకోవద్దు.

మొన్న కోడుమూరు దగ్గర ఒక పెద్దాయన ఇంటి మీద మూడు కిలోవాట్లు బిగిస్తుంటే, కింద మంచం మీద కూర్చుని అడిగాడు.

"ఏమప్పా, సూర్యుడు గూడా అయిపోతాడంట గదా. మల్ల ఈ పలకలేం జేసుకోవాల?"

"పలకలకు గ్యారంటీ 25 ఏళ్ళే పెద్దాయనా. ఇన్వర్టర్ ముందే పోతుంది, దాని కార్డు జాగ్రత్తగా పెట్టుకో."

మే నెలలో యూనిట్లు దంచేస్తాయని కూడా ఆశపడ్డాడు. అదీ చెప్పాను. ప్యానెల్ లెక్క 25 డిగ్రీల మీద కట్టింది, ఆపైన పెరిగే ప్రతి డిగ్రీకి 0.35 శాతం చొప్పున కరెంటు పడిపోతుంది. మన మే ఎండలో ప్యానెల్ 65 దాకా కాలుతుంది. అందుకే ఫిబ్రవరి, మార్చి లెక్కే బాగుంటుంది. బోరు నీళ్ళతో మధ్యాహ్నం కడగొద్దు, ఉప్పు చారలు పడి ఇంకో నాలుగు శాతం తింటాయి. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు, వాననీళ్ళు పట్టి ఉంచుకుంటే వాటితో, మెత్తటి గుడ్డ పెట్టి తుడవాలి. ఆయన సరేనని తలూపి, మంచం నీడలోకి జరుపుకున్నాడు.