గండికోట వెళ్ళి శనగ చేలో పడుకున్నాం

ముందే చెప్తున్నా, ఉల్కలు చూడ్డానికి గండికోట వైపు వెళ్ళండి, కానీ కోట పక్కన టెంట్లలో మాత్రం దిగకండి.

మా ముగ్గురికి ఈ పిచ్చి 2020 డిసెంబర్‌లో పట్టుకుంది. జెమినిడ్స్ (ఏటా డిసెంబర్ మధ్యలో మిథున రాశి వైపు నుంచి రాలినట్టు కనిపించే ఉల్కలు), అమావాస్య ఒకేసారి పడ్డాయని అనంతగిరి కొండలకి పోయాం. హైదరాబాద్ నుంచి ఎనభై కిలోమీటర్లే, దారి బాగుంది, టీ బాగుంది, ఆకాశమే బాలేదు. అక్కడికి హైదరాబాద్ తూర్పున ఉంటుంది, మిథున రాశి లేచేదీ దాదాపు అటే, కాబట్టి చూడాల్సిన వైపంతా నగరం వెలుగే. రాత్రి అడవిలోకి పోనివ్వరు, రోడ్డు పక్కన నిలబడితే రెండు నిమిషాలకో హైబీమ్. ఒక్క హెడ్‌లైటు పడినా చాలు, చీకటికి అలవాటుపడ్డ కళ్ళు మళ్ళీ కుదురుకోడానికి ఇరవై, ముప్పై నిమిషాలు. గంటకి పదకొండు లెక్కపెట్టి వచ్చేశాం. (ఆగస్టులో పడే ఇంకో ఉల్కల వాన, పెర్సీడ్స్ సంగతి అడక్కండి, మనకి వానాకాలం.)

2023లో మళ్ళీ అమావాస్య కలిసొచ్చింది. డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తుపాను తీరం దాటాక మబ్బు విడుస్తుందో లేదో అని టెన్షన్ పడుతూనే బయల్దేరాం. ఈసారి గండికోట. లోయ దగ్గర టెంట్లు, మనిషికి పదిహేను వందలు, ‘నక్షత్రాల కింద రాత్రి’ అని ప్రకటన. తీరా చూస్తే నక్షత్రాలంటే టెంట్లకి చుట్టిన సీరియల్ లైట్లు. పన్నెండు దాకా పాటలు, తర్వాత చలిమంట. లైట్లు ఆపమంటే "పాములొస్తాయి సార్" అన్నాడు కుర్రాడు, అదీ నిజమే కావచ్చు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, బిర్యానీ వేడిగా పెట్టారు, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి బానే ఉంటుంది.

ఒంటిగంటకి విసుగొచ్చి కారు తీశాం. జమ్మలమడుగు రోడ్డు వదిలి మట్టిదారిలో కొంతదూరం పోయి ఆపితే, "ఎవురబ్బా ఆడ?" అని టార్చి మొహం మీద. శనగ చేనుకి పందుల కాపలా ఉన్న పెద్దాయన. ఉల్కలు చూడ్డానికొచ్చామంటే నమ్మలేదు. అంతలో ఒకటి పసుపుపచ్చగా, తీరిగ్గా తలమీదుగా పోయింది. "చుక్క రాలె!" అని ఆయనే అరిచాడు. మోటారు షెడ్డు బల్బు ఆపమని బతిమాలితే, "లైటు లేకుంటే పందులు పడతాయి సామీ. ఒక గంట ఆపుతా, ఆ గంట నేనే డబ్బా కొడతా" అన్నాడు.

రెండు నుంచి మూడు దాకా, పడమటికి వాలుతున్న గొల్లకావిడి చుక్కల్ని ఆయన మాకు చూపిస్తూ మధ్యమధ్యలో డబ్బా కొడుతుండగా, అరవై నాలుగు. ఆగ్నేయంలో థర్మల్ స్టేషన్ వైపు కాస్త వెలుగుంది గానీ, ఆ వేళకి మిథున రాశిలోని పునర్వసు దాదాపు నడినెత్తిన, కొంచెం ఉత్తరానికి ఉంటుంది కాబట్టి అడ్డురాలేదు. తెల్లారి చూస్తే గట్టున పరిచిన దుప్పట్లు తడిసి పుల్లగా వాసన, చేలోకి దిగిన పాదాలు ఒకటే దురద. శనగాకు మీది మంచు పులుపట, పాతచీర పరిచి ఆ పులుసు పిండుకునేవాళ్ళట.

2024లో జెమినిడ్స్ పున్నమి పక్కన పడ్డాయి, అయినా పెద్దాయన్ని చూడ్డానికి వెళ్ళాం. అప్పటికే ఊరి చివర స్తంభానికి కొత్త తెల్ల ఎల్ఈడీ వచ్చి సూటిగా చేలోకి కొడుతోంది. తీసేయమని అడిగే హక్కు మనకి లేదు, ఆడవాళ్ళు నడిచే దారి అది. సర్పంచ్‌ని కలిసి, నూనె డబ్బా రేకు కత్తిరించి లైటుకి గొడుగులా బిగించుకుంటామన్నాం. వెలుగంతా దారి మీదే పడుతుందని ఒప్పుకున్నారు, లైన్‌మన్ బిగించాడు.

ఇప్పుడు బస జమ్మలమడుగులో మామూలు లాడ్జిలోనే, పగలు పడుకోడానికి అది చాలు. లొకేషన్ మాత్రం అడగొద్దు. మాలో ఒకడు ఆఫీసులో చెప్తే పోయినేడు నాలుగు కార్లొచ్చి శనగ మూల తొక్కేశాయి. ఆ మూలకి డబ్బులిస్తే పెద్దాయన తీసుకోలేదు, ఈసారి డబ్బా మీరే కొట్టండన్నాడు.