మీటరు పెట్టి చూశాకే సంతకం: తిరుపతిలో మా ఇంటి వైరింగ్ పని

బైరాగిపట్టెడలో మాది పాత ఇల్లు. పైన ఇంకో అంతస్తు వేస్తూ, పనిలో పనిగా కింద వైరింగ్ కూడా మార్పించాం. కొర్లగుంట వైపు చిన్న షాపు పెట్టుకున్న లైసెన్స్ కాంట్రాక్టర్‌కి పని ఇచ్చాం. మన దగ్గర బల్బు వెలిగితే వైరింగ్ అయిపోయినట్టే లెక్క. ఈయన మాత్రం అక్కడి నుంచే అసలు పని మొదలుపెట్టారు.

రాగానే పైపులు, వైర్ల మాట ఎత్తలేదు. "ఏసీలు ఎన్ని పెడతారక్కా? గీజర్లు ఎక్కడెక్కడ? అమ్మ ఇండక్షన్ స్టవ్ వాడతారా?" అని కూర్చోబెట్టి అడిగారు. రెండు ఏసీలు, రెండు గీజర్లు, ఇండక్షన్, బోరు మోటారు, మిగతావన్నీ కలిపితే దాదాపు 11 కిలోవాట్లు వచ్చింది. అన్నీ ఒకేసారి నడవవు కానీ ఒక్క ఫేజు మీద ఇంత బరువు వద్దని త్రీ ఫేజ్ పెట్టించారు. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకి, గీజరుకి 4 స్క్వేర్ ఎంఎం వైరు. ఇదంతా కాగితం మీద గీసి ఇచ్చాకే గోడ కొట్టారు.

నాకు బాగా నచ్చింది టెస్టింగ్. బల్బులు తీయించి, ప్లగ్గులు పీకించి, మెగ్గర్‌తో (వైరు తొడుగులోంచి కరెంటు లీకవుతోందేమో చూసే మీటరు) ఒక్కో సర్క్యూట్‌కి 500 వోల్టుల డీసీ ఇచ్చి చూశారు. కనీసం 1 మెగా ఓమ్ రావాలి. పైన వాషింగ్ మెషిన్ లైనుకు 0.3 చూపించింది. కుర్రాడు "గోడ పచ్చిగా ఉందన్నా, ఆరితే సరిపోతుంది" అన్నాడు. ఈయన వినలేదు. బాక్సులు ఒక్కొక్కటే విప్పుకుంటూ పోతే, ఒకదాంట్లో వైరు లాగేటప్పుడు ఇనప బాక్సు అంచు కోసుకుని తొడుగు చీరుకుపోయి ఉంది. లోపల రాగి తళతళమంటూ కనిపిస్తోంది, దాని పక్కనే తడి సిమెంటు. టేపు చుట్టి వదిలేయలేదు. ఆ వైరు మొత్తం లాగేసి కొత్తది వేశారు. మళ్లీ పెడితే 200 దాటింది. అదే తడి గోడ పక్కన రేపు మా అమ్మ బట్టలు తీస్తూ నిలబడేది. అందుకే ఆ పది నిమిషాల పనికి నేను ఎంత చెప్పినా తక్కువే.

తర్వాత ఎర్తింగ్, అంటే లీకైన కరెంటును నేలలోకి పంపే ఏర్పాటు. పాత ఎర్తింగ్ గుంత దగ్గర మీటరు పెట్టి, పక్క ఖాళీ స్థలంలో రెండు ఇనప పుల్లలు దిగ్గొట్టి చూస్తే 18 ఓమ్‌లు వచ్చింది. దీని అర్థం ఆయన లెక్క వేసి చూపించారు. గీజరులో ఫేజు బాడీకి తగిలితే 230ని 18తో భాగించండి, 13 ఆంపియర్ల లోపే పారుతుంది. 20 ఆంపియర్ల ఎంసీబీకి (కరెంటు మితిమీరితే తనంతట తానే పడిపోయి లైను ఆపే స్విచ్చు) అదేం లెక్క కాదు, పడదు. గీజరు మాత్రం షాక్ కొడుతూనే ఉంటుంది. కొత్త గుంత తీసి పైపు, ఎర్తింగ్ పౌడరు వేశాక 3 ఓమ్‌లకు దిగింది. అంత తగ్గినా ఎంసీబీ వెంటనే పడుతుందన్న నమ్మకం లేదట, అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కొంచెం కరెంటు లీకైనా పడిపోయే స్విచ్చు) తప్పనిసరి అన్నారు. దాన్నీ బటన్ నొక్కి వదిలేయకుండా టెస్టర్‌తో చూశారు. 22 మిల్లీ ఆంపియర్లకే పడింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇంతకు ముందు పని చేసినతను కింద ఆర్‌సీసీబీ మాటిమాటికి పడుతోందంటే "అది ఊరికే పడుతుంటుంది" అని దాన్ని తప్పించి డైరెక్టుగా కలిపేసి పోయాడు. ఈయన వెతికితే అసలు సంగతి బయటపడింది: ఇన్వర్టర్ న్యూట్రల్, మెయిన్ న్యూట్రల్ (కరెంటు తిరిగొచ్చే వైర్లు) ఒకేచోట ముడేసి ఉన్నాయి. పోయిన కరెంటు అదే దారిన తిరిగి రాకపోతే ఆర్‌సీసీబీ పడిపోతుంది, దాని పనే అది. రెండూ విడదీశాక ఒక్కసారి కూడా ఊరికే పడలేదు. మీ ఇంట్లో ఎవరైనా దాన్ని తీసేద్దామంటే దయచేసి ఒప్పుకోకండి.

కొత్త సర్వీసుకి కరెంటు ఆఫీసులో ఇవ్వాల్సిన రిపోర్టులో ఆయన సంతకం పెట్టింది ఇవన్నీ అయ్యాకే. మాకు విడిగా రెండు పేజీల కాగితం ఇచ్చారు. ఏ సర్క్యూట్‌కి ఏ వైరు, ఏ ఎంసీబీ, రీడింగ్ ఎంత, తేదీ, లైసెన్స్ నంబరు అన్నీ ఉన్నాయి. ఎంసీబీలన్నీ ఉండే డీబీ బాక్సు మీద పేర్లు ఇంగ్లీషులో అంటించారు. అమ్మకు ఇంగ్లీషు చదవడం రాదంటే మర్నాడే తెలుగులో మార్చి పెట్టారు.

లోపాలూ ఉన్నాయి. చెప్పిన రోజుకి రారు, పెళ్లిళ్ల సీజన్లో ఫోన్ అసలు ఎత్తరు. కొట్టిన గోడలు పూడ్చడం మన మేస్త్రీ చూసుకోవాలి. టెస్టింగ్‌కి 4,500 వేరుగా తీసుకుంటారు, ఆ సంగతి ముందే మాట్లాడుకోండి. కూలి కూడా మామూలు రేటు కంటే ఎక్కువే. అయినా చిత్తూరులో మా చెల్లెలి ఇల్లు కూడా ఈయనకే చెప్పాం. రానుపోను ఖర్చు వేరే అన్నారు, సరేనన్నాం.