బతికున్న ఎరా, రబ్బరు కప్పా? కృష్ణా కాలువల్లో రెండూ వాడాక

బందరు కాలువ గట్ల నుంచి ఇబ్రహీంపట్నం ఫెర్రీ దాకా, అటు సీతానగరం వైపు కూడా, చాలా ఏళ్లుగా రెండూ వాడుతున్నాను. గాలానికి వానపామునో పరిగెనో గుచ్చి కూర్చునే పాత పద్ధతి ఒకటి, లూర్, అంటే ప్రాణం లేని బొమ్మ ఎరను విసిరి రీలు తిప్పుతూ లాగే పద్ధతి ఇంకొకటి. నా తీర్పు ముందే చెప్పేస్తాను. కొర్రమీనుకు లూర్, మిగతా వాటిలో దాదాపు అన్నిటికీ ఎర. అయితే ఏ చేప కోసం వెళ్తున్నామన్నది రెండో సంగతి. ముందు చూడాల్సింది నీళ్ల రంగు.

లూర్‌కు వాసన ఉండదు. దాని పనంతా ఆకారం, మెరుపు, నీళ్లలో పుట్టించే అదురు మీదే నడుస్తుంది. చేప ఒంటికి రెండు పక్కలా ఉండే పార్శ్వరేఖ ఆ అదురును పసిగడుతుంది, కన్ను గురి చూస్తుంది, అప్పుడు కొడుతుంది. ఎర్రనీళ్లు వచ్చాక కన్నుకు పనుండదు. పట్టిసీమ పంపులు ఆడే ఏడాది ఫెర్రీ దగ్గర ఇంకా తొందర. కృష్ణకు వరద రాకముందే గోదావరి బురద వచ్చేస్తుంది. అప్పుడు వెయ్యి రూపాయల లూర్ కూడా పెట్టెలో ఉండాల్సిందే. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు పోయాయి కదా, ఆ తర్వాత వారాల తరబడి నేను లూర్ బయటికి తీయలేదు. వాలుగ, జెల్ల మాత్రం మీసాలతో, వాసనతో వెతుక్కుంటాయి. బురద వాటికి అడ్డం కాదు. కాబట్టి వానాకాలమంతా వానపాము, రొయ్య, కోడి పేగు. కార్తీకం దాటి నీళ్లు తేటపడ్డాక లూర్లకు రోజులు వస్తాయి.

ఇక కొర్రమీను. లూర్ కొనడం దండగ అనేవాళ్లకు నేను చూపించేది ఈ ఒక్క చేపనే. గుర్రపు డెక్క కమ్మేసిన కాలువ పక్కల్లో, వేసవిలో కాలువలు కట్టేశాక మిగిలే మడుగుల్లో ఇది కాపు కాస్తుంది. అలాంటి చోట మామూలు గాలం వేస్తే చేప కంటే ముందు డెక్క వేళ్లు తగులుకుంటాయి. లోపల బోలుగా ఉండే రబ్బరు కప్ప అయితే దాని రెండు గాలాలూ వీపు మీదికి ఒదిగి ఉంటాయి. డెక్క మీద పడేసి, ఆకుల మీదుగా చిన్నగా గెంతిస్తూ తెచ్చి, ఖాళీ నీరు కనిపించిన చోట ఆపాలి. కొట్టేది చాలావరకు ఆ ఆపిన చోటే. నీళ్లు ఒక్కసారి పేలినట్టవుతాయి.

కొత్తవాళ్లు చేప పోగొట్టుకునేదీ అక్కడే. చప్పుడు వినగానే లాగేస్తారు. కప్పను నోట్లోకి తీసుకుని చేప కిందికి తిరిగేదాకా ఆగాలి. ఒకటి, రెండు అని మనసులో అనుకుని, లైన్ బరువు తెలిశాక గట్టిగా లాగాలి. రబ్బరు ఒంటిని నొక్కుకుని గాలాలు బయటికి వచ్చి దిగాలంటే ఆ బలం కావాలి. అందుకే సన్న నైలాన్ పనికిరాదు. నేను 40 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), కాస్త గట్టి రాడ్ వాడతాను. కొర్రమీను ఎక్కడుందో కనుక్కోవడం కష్టం కాదు, ఓపిక ఉంటే చాలు. గాలి పీల్చకపోతే బతకదు కాబట్టి కాసేపటికోసారి పైకి వచ్చి గుటుక్కున మింగి పోతుంది. (బజారులో తడి గుడ్డ కింద కూడా గంటల కొద్దీ ప్రాణంతో ఉండేది అందుకే.) ఆ బుడగ లేచిన చోటికి రెండడుగులు అవతల కప్పను వేసి ఇవతలికి తెస్తాను.

బతికున్న కప్పను గుచ్చితే ఇంకా బాగా పడుతుందని మా గట్టు మీద పెద్దవాళ్లు ఇప్పటికీ వాదిస్తారు. పడుతుంది, కాదనను. కానీ వరిచేలలో పురుగును తినే జీవిని గాలానికి గుచ్చడం నాకు నచ్చదు. కప్ప కాళ్ల ఎగుమతిని మన దేశం 1987లోనే ఆపింది, చేలల్లో కప్పలు తగ్గిపోతున్నాయన్న గోల అందుకు ఒక కారణం. రబ్బరుది తొంభై పాళ్లు అదే పని చేస్తున్నప్పుడు అసలుది ఎందుకు?

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. వానలు పడ్డాక ఎర్రటి కొర్రమీను పిల్లల గుంపు నీటి మీద ఆడుతుంటే కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఆకలి లేకపోయినా కోపంతో లూర్‌ను కొడుతుంది. అంత సులువుగా ఇంకెప్పుడూ పడదు. దాన్ని తీసుకుపోతే ఆ పిల్లల్ని నిమిషాల్లో మిగతా చేపలు మింగేస్తాయి. అలా పట్టి ఫొటో పెట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఎర సంగతికొస్తే, శీలావతి, బొచ్చె లాంటివి లూర్‌ను పట్టించుకోవు. వాటికి తవుడు, వేరుశనగ చెక్క కలిపిన ముద్దే. జెల్లకు వానపామును మించింది లేదు. తాడేపల్లి, ఉండవల్లి అరటి తోటల్లో అడిగి తవ్వుకుంటే పైసా ఖర్చు లేదు. తడి మట్టిలో వేసి, పైన అరటాకు కప్పి, నీడలో పెడితే రెండు రోజులు ఆగుతాయి. జెల్లను గాలం నుంచి తీసేటప్పుడు పక్క ముల్లు జాగ్రత్త, గుచ్చుకుంటే సాయంత్రం దాకా సలుపుతుంది.

వాలుగకు బతికున్న పరిగె కావాలి, అసలు తంటా అంతా దానితోనే. బకెట్ స్కూటీ ముందు పెట్టుకుని బెంజ్ సర్కిల్ ట్రాఫిక్ దాటేసరికి సగం వెల్లకిలా పడతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గిపోతుంది, మన మే ఎండకు ఇక చెప్పేదేముంది. అక్వేరియం షాపులో దొరికే బ్యాటరీ గాలి పంపు పెట్టాక కొంత నయం. కుళాయి నీళ్లు పోయకూడదు, క్లోరిన్‌కు చస్తాయి. అందులో కాలువ నీళ్లే ఉండాలి. ఈ హైరానా చూసే చాలామంది లూర్ల వైపు వస్తారు. పెట్టె జేబులో వేసుకుని ఆఫీసుకు ముందు ఒక గంట గట్టు మీద తిరిగి రావచ్చు. ఎరతో గంటలో అయ్యే పని కాదు.

ఎరలో ఇంకో తేడా, చేప దాన్ని మింగేస్తుంది. ఆదమరిస్తే గాలం కడుపులో ఉంటుంది. కూరకు తెచ్చుకునేవాళ్లకు ఫరవాలేదు కానీ చిన్నదాన్ని వదిలేద్దామంటే అది బతకదు. గుండ్రంగా లోపలికి వంగిన సర్కిల్ గాలం వాడితే ఎక్కువసార్లు పెదవి మూలనే పడుతుంది. దానికి ఝాడించి లాగకూడదు, మెల్లగా రీలు తిప్పితే చాలు. లూర్ చాలావరకు నోటి ముందే తగులుతుంది. కాకపోతే మిన్నోలకు (చిన్న చేప ఆకారంలో ఉండే గట్టి లూర్లకు) ఉండే మూడు కొక్కేల గాలాలు చేప మొహాన్ని, మన వేళ్లనూ చీరేస్తాయి. వాటి ములుకులను నేను పట్టకారుతో నొక్కేస్తాను.

చవక లూర్ల గురించి ఒక్క మాట. ఆన్‌లైన్‌లో డజను చొప్పున వచ్చే కప్పల ఒళ్లు బాగానే ఉంటాయి, గాలాలే మెత్తన. కిలోన్నర చేపకు తీగలా సాగిపోయాయి. కప్ప చవకది కొన్నా గాలాలు మంచివి మార్చుకోవాలి. మిన్నో మాత్రం పేరున్నదే కొనండి, ఎందుకంటే దాని విలువంతా నడకలో ఉంటుంది. ఫిన్లాండ్‌లో లౌరి రాపాలా 1936లో బెరడు చెక్కి తన మొదటిది చేసింది దెబ్బతిన్న చేప ఊగుడును తెద్దామనే. రంగు కాపీ కొట్టినంత తేలిగ్గా ఆ ఊగుడు రాదు. నాగాయలంక వైపు పండుగప్ప కోసం వెళ్లినప్పుడు అలాంటి మిన్నో ఒకటి దగ్గర ఉంచుకుంటాను. అక్కడ నీరు తేటగా ఉంటే పోటు, పాటు మారే వేళకు అది, మబ్బుగా ఉంటే బతికున్న రొయ్య.

బ్యారేజీ దిగువన రాళ్లలో మాత్రం లూర్ వేయకండి, రాళ్లూ తెగిన వలముక్కలూ కలిసి మీ పర్సు ఖాళీ చేస్తాయి. మొదలుపెట్టేవాళ్లకు రెండు రబ్బరు కప్పలు, ఒక పొట్లం సర్కిల్ గాలాలు, ఒక బెండు చాలు. చెరువులో వేసేముందు పాట ఎవరు పాడుకున్నారో కనుక్కుని అడగండి. మిగిలిన పరిగెలను పట్టిన చోటే వదలండి, వేరే నీళ్లలో కాదు. అక్వేరియంల నుంచి వదిలిన దెయ్యం చేపలు ఇప్పటికే కృష్ణలో వలలు చింపుతున్నాయి.