క్యాజువాలిటీ ట్రేలో ఫోలీ గొట్టం: లేటెక్సా, సిలికానా?

పొత్తికడుపు రాయిలా బిగుసుకుపోయి, మూత్రం చుక్క కూడా రాక మెలికలు తిరిగిపోతూ వచ్చిన పెద్దాయనకు ముందు కావలసింది ఫోలీ గొట్టం, అంటే మూత్రాశయంలోకి ఎక్కించి, కొస దగ్గరి బల్బును నీళ్లతో ఉబ్బించి నిలిపే గొట్టం. స్కానింగు ఆ తర్వాతే. చిన్న ఆస్పత్రుల్లో మామూలుగా దొరికేవి రెండు రకాలు: సిలికాన్ పూతపెట్టిన లేటెక్స్, పూర్తి సిలికాన్.

లేటెక్స్‌ది మెత్తని ఒళ్లు, ధర తక్కువ. సైజు 16 నంబరంటే బయటి వ్యాసం 5.3 మి.మీ., అంటే ఒక్కో నంబరు మిల్లీమీటరులో మూడో వంతు. బల్బులోకి నీళ్లు ఎక్కించే వాల్వు రంగు చూస్తే నంబరు తెలిసిపోతుంది: 14 ఆకుపచ్చ, 16 నారింజ, 18 ఎరుపు. నాలుగు రోజుల్లో తీసేసే గొట్టానికి ఇది చాలు, ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు.

సిలికాన్ ధర కొన్ని రెట్లు ఎక్కువ. గోడ పల్చన కాబట్టి అదే నంబరులో లోపలి దారి వెడల్పుగా ఉంటుంది. లేటెక్స్ పడనివాళ్లకూ, గొట్టంతోనే ఇంటికెళ్లి వారాలపాటు ఉండాల్సినవాళ్లకూ ఇదే సరైనది. లోపం బల్బులో ఉంది. అందులోని నీళ్లు గోడగుండా మెల్లగా తగ్గిపోయి గొట్టం జారిపోవచ్చు. తీసేటప్పుడు బల్బు ముడతలు పడి ఒరుసుకుంటుంది. సిరంజితో గట్టిగా లాగకుండా నీళ్లను వాటంతటవే రానిస్తే ఈ బాధ తగ్గుతుంది.

"పైపు ఎక్కట్లేదు" అన్నప్పుడు తప్పు చాలాసార్లు సరుకుది కాదు, జెల్లీది. గొట్టం కొసకు కాస్త పూస్తే సరిపోదు. మగవారికి 2 శాతం లిగ్నోకైన్ (మొద్దుబార్చే మందు) జెల్లీ 10 మి.లీ. మూత్రనాళంలోకే ఎక్కించి, బయటికి కారకుండా పట్టుకుని 5 నిమిషాలు ఆగాలి. లేటెక్స్‌కు వాసెలిన్, నూనె తగలనివ్వకూడదు, రబ్బరు దెబ్బతింటుంది. గొట్టాన్ని బయటి చివర రెండుగా చీలిన చోటు దాకా పోనివ్వాలి. మూత్రం కనబడగానే బల్బు నింపేయడమే పెద్ద పొరపాటు. కొస మూత్రాశయంలో ఉన్నా బల్బు ఇంకా ప్రోస్టేట్ (మూత్రాశయం కింద నాళం చుట్టూ ఉండే గ్రంథి) దగ్గరే ఉండొచ్చు, అక్కడ ఉబ్బితే నాళం చిరిగి రక్తం వస్తుంది. నింపుతుంటే నొప్పి అంటే వెంటనే ఆపాలి. బల్బులోకి స్టెరైల్ డిస్టిల్ వాటరే, వాల్వు మీద రాసినంతే ఎక్కించాలి. సెలైన్ వద్దు, ఉప్పు పేరుకుని బల్బుకు వెళ్లే సన్నదారి మూసుకుంటే తర్వాత బల్బు ఖాళీ కాదు.

ప్రోస్టేట్ దగ్గర 16 ఆగిపోతే చెయ్యి 12 వైపు వెళ్తుంది. అది పొరపాటు. సన్నది అక్కడే మడతపడుతుంది. 18 గానీ, కొస వంపు తిరిగిన టీమన్ గొట్టం గానీ వాడాలి, వంపు పైకి చూడాలి. నాళం సన్నబడిన రోగి సంగతి వేరు, అక్కడ సన్నదే కావాలి. రెండు ప్రయత్నాలయ్యాక యూరాలజిస్టును పిలవడమే మేలు.

యాక్సిడెంటులో కటి ఎముక విరిగి, మూత్రద్వారం దగ్గర రక్తం కనబడితే ఫోలీ గొట్టం ఏదీ వేయకూడదు. ముందు నాళానికి డై ఎక్కించి ఎక్స్‌రే తీయాలి. మూత్రాశయం నిండిపోయి ఉంటే పొత్తికడుపు మీదనుంచి దారి చేయాలి.

గడ్డలు గడ్డలుగా రక్తం పడేవారికీ ఇవి పనికిరావు. 22 లేదా 24 నంబరు మూడుదారుల గొట్టం (బల్బుకు, మూత్రానికి, లోపలికి సెలైన్ పారించడానికి ఒక్కో దారి) కావాలి. ముందు 50 మి.లీ. సిరంజితో గడ్డలన్నీ చేత్తో కడిగి లాగాకే సెలైన్ పారించాలి. గడ్డ అడ్డంగా ఉండగానే డ్రిప్ వదిలితే లోపలికెళ్లిన నీళ్లు బయటికి రాక మూత్రాశయం ఇంకా ఉబ్బుతుంది.

మూత్రాన్ని క్లాంపు వేస్తూ విడతలుగా వదలాలనే పాత అలవాటుతో పెద్దగా లాభం లేదు, ఒకేసారి పోనివ్వొచ్చు. మొదట ఎంత వచ్చిందో కేస్‌షీటులో తప్పక రాయాలి. ఆ తర్వాత వరసగా రెండు గంటలు, గంటకు 200 మి.లీ. దాటి వస్తుంటే ఇంటికి పంపకూడదు. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపేది), సోడియం, పొటాషియం చూడాలి. వెనక్కి లాగిన ముందోలును తిరిగి ముందుకు తేవడం మరిచిపోతే గంటల్లో వాచిపోయి, అదే ఇంకో ఎమర్జెన్సీ అవుతుంది.

ట్రేలో లేటెక్స్ 16, 18 ఎక్కువగా, సిలికాన్ 16 రెండు, టీమన్ ఒకటి, మూడుదారులది ఒకటి ఉంచుకోవాలి. లేటెక్స్‌కు ఎండా వేడీ పడవు, కిటికీ పక్క అరలో పెట్టొద్దు.