విథాఫెరిన్ ఏ: కణాల మీద చాలాకాలం వాడాక

అశ్వగంధ, అదే మన పెన్నేరుగడ్డ, ఆకుల్లో ఎక్కువగా దొరికే స్టెరాయిడ్ లాక్టోన్ ఇది. రసాయనాల జాబితాల్లో దీని పక్కన ‘ఎన్‌ఎఫ్ కప్పా బీ నిరోధకం’ అని కనిపిస్తుంది (ఎన్‌ఎఫ్ కప్పా బీ అంటే కణంలో వాపు జన్యువులను నడిపించే ప్రోటీన్). ఆ ఒక్క మాట పట్టుకుని కొంటే సగం ప్రయోగాలు మళ్లీ చేసుకోవాల్సిందే. అణువు మంచిదే గాని ఒట్టి మొహమాటస్తుడు: ఏ సిగ్నలింగ్ దారిని ఆపుతావా అని అడిగినా కాదనదు.

కారణం దాని ఒంట్లోనే ఉంది. ‘ఏ’ రింగులోని ఈనోన్ అనే చురుకైన సమూహం, ప్రోటీన్లలోని సిస్టీన్ అనే అమైనో ఆమ్లపు థయాల్‌ను (గంధకమున్న కొసను) పట్టుకుని సమయోజనీయ బంధం వేసేస్తుంది. ఎన్‌ఎఫ్ కప్పా బీని మేల్కొలిపే ఎంజైమ్ ఐకేకే బీటాలో 179వ సిస్టీన్, కణం ఆకారాన్ని నిలిపే ప్రోటీన్ విమెంటిన్‌లో 328వది ఇలా చిక్కినవే. ప్రోటీన్లను సరిగా మడిచే హెచ్‌ఎస్‌పీ90, అక్కర్లేని ప్రోటీన్లను ముక్కలు చేసే ప్రోటియజోమ్ కూడా దెబ్బతింటాయి. ఒక దారికి నిరోధకంగా ఐదుకు రెండు ఇస్తాం, సిస్టీన్లను తడిమి చూసే ప్రోబ్‌గా నాలుగు.

సీసా 1 మి.గ్రా.ది అయితే, అణుభారం 470.6 కాబట్టి 212 మైక్రోలీటర్ల డీఎంఎస్‌ఓ అనే ద్రావకంతో 10 మిల్లీమోలార్ స్టాక్ వస్తుంది. పొడి మూతకూ గోడలకూ అంటుకుని ఉంటుంది, తెరిచేముందు ఒకసారి స్పిన్ చేయండి. లేకపోతే స్టాక్ పలచనవుతుంది, ఎంత పలచనైందో లెక్క దొరకదు. 10 మైక్రోలీటర్ల చొప్పున పంచి మైనస్ 20లో దాచాలి. డీఎంఎస్‌ఓ తేమ పీలుస్తుంది కాబట్టి ఒకసారి తీసిన ట్యూబును మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు. కణాల మీద డీఎంఎస్‌ఓ 0.1 శాతం దాటకూడదు, కంట్రోల్ వెల్స్‌లోనూ అంతే ఉండాలి.

ఐసీ50 (సగం పనిని ఆపే గాఢత) ఎంత అని అడిగేవాళ్లకు సూటి జవాబు ఉండదు. బంధం వేసి వదలని అణువు కాబట్టి గంటలు పెరిగేకొద్దీ ఆ అంకె కిందికి దిగుతుంది. సీరంలోని ఆల్బుమిన్‌కూ ఒక ఖాళీ సిస్టీన్ ఉంది, అది కొంత మందును మింగేస్తుంది. 10 శాతం సీరంలో తీసిన అంకెను 2 శాతంలో తీసినదానితో పోల్చడం దండగ. 96 వెల్ ప్లేటులో వెల్‌కు 5,000 కణాలు వేశారా, 10,000 వేశారా అన్నదీ తేడా తెస్తుంది. సమయం, సీరం, కణాల సంఖ్య పక్కన రాయని ఐసీ50 నోటుబుక్కులో ఉన్నా లేనట్టే. మీడియంలో బీటా మెర్కాప్టోఇథనాల్ ఉంటే, అదీ థయాలే కాబట్టి, మందు కణాన్ని చేరకముందే ఖర్చయిపోతుంది.

ఎక్కువమంది తడబడేది ప్రోటీన్లను బ్యాండ్లుగా చూపే వెస్టర్న్ బ్లాట్ దగ్గర. పద్ధతి మామూలే: 1 నుంచి 5 మైక్రోమోలార్ మందు గంటసేపు, తర్వాత వాపు సంకేతమిచ్చే టీఎన్‌ఎఫ్ ఆల్ఫా మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు, 0, 5, 15, 30, 60 నిమిషాలకు కణాలు తీయడం. మందు లేని కణాల్లో, ఎన్‌ఎఫ్ కప్పా బీని కట్టిపడేసే ఐకప్పాబీ ఆల్ఫా బ్యాండు 15, 30 నిమిషాల మధ్య మాయమై గంటకల్లా తిరిగొస్తుంది. మందు పడితే బ్యాండు చెక్కుచెదరదు. వెంటనే ‘ఐకేకే ఆగింది’ అని రాసేస్తారు. ఆగండి. ప్రోటియజోమ్ ఆగినా ఆ బ్యాండు అలాగే నిలుస్తుంది. తేల్చేది ఐకప్పాబీ ఆల్ఫాలో సెరైన్ 32 మీద ఐకేకే తగిలించే ఫాస్ఫేటు: ఐకేకే ఆగితే ఫాస్ఫో బ్యాండు రానే రాదు, ప్రోటియజోమ్ ఆగితే పేరుకుపోతుంది. ప్రోటియజోమ్‌ను ఆపే బోర్టెజొమిబ్ ఇచ్చిన ఒక లేన్ పక్కనే నడిపితే తేడా కళ్లకు కడుతుంది. ఫాస్ఫేటు ఊడిపోకుండా, కణాలను పగలగొట్టే లైసిస్ బఫర్‌లో సోడియం ఆర్థోవెనడేట్ 1 మిల్లీమోలార్, సోడియం ఫ్లోరైడ్ 10 మిల్లీమోలార్ ఉండాలి. ఫాస్ఫో యాంటీబాడీకి పాలపొడి బదులు 5 శాతం బీఎస్‌ఏ (ఆవు సీరం ఆల్బుమిన్) వాడండి, పాలలోని కేసీన్‌కే ఫాస్ఫేట్లు ఉంటాయి.

ఎన్‌ఎఫ్ కప్పా బీ పనిని వెలుగుగా చూపే లూసిఫరేజ్ రిపోర్టర్‌ను 24 గంటలకు చదివితే కొలిచేది కణాల చావునే. 4 నుంచి 6 గంటల మధ్య చదవాలి. స్టాట్‌3 అనే మరో సిగ్నలింగ్ ప్రోటీన్‌కీ ఇదే జాగ్రత్త: ఐఎల్‌-6తో రెచ్చగొట్టి టైరోసిన్ 705 మీద ఫాస్ఫేటు చూసేటప్పుడు మొత్తం స్టాట్‌3 తగ్గిందో లేదో అదే రోజు చూసుకోవాలి.

ఇక ఎన్‌ఏసీ, అంటే ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అనే యాంటీఆక్సిడెంట్. 5 మిల్లీమోలార్ ఎన్‌ఏసీ ఇస్తే కణాలు బతుకుతాయి, ‘చంపింది ఆక్సీకరణ ఒత్తిడే’ అని నిర్ణయిస్తారు. కానీ ఎన్‌ఏసీ కూడా థయాలే, మీడియంలోనే విథాఫెరిన్‌ను పట్టి కట్టేస్తుంది. ట్రోలాక్స్ లాంటి థయాల్ లేని యాంటీఆక్సిడెంట్ కూడా కాపాడితేనే ఆ మాట అనొచ్చు. పైగా ఎన్‌ఏసీ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 7.4కు తేకపోతే పోసిన క్షణమే మీడియం పసుపు తిరుగుతుంది. బతికున్న కణాలను రంగుతో కొలిచే ఎంటీటీ వాడితే మరో మోసం: కణాలే లేని వెల్‌లోనూ ఎన్‌ఏసీ ఊదారంగు తెప్పిస్తుంది. మీడియం తీసి, కడిగి ఎంటీటీ వేయండి, లేదా క్రిస్టల్ వయొలెట్‌కు మారండి.

స్టెరాయిడ్ అనగానే డెక్సామెథసోన్‌ను పక్కన పెట్టి పోల్చేవాళ్లూ ఉన్నారు. అది గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ ద్వారా పనిచేస్తుంది, ఆ రిసెప్టర్‌ను అడ్డుకునే మిఫెప్రిస్టోన్ ఇస్తే ఆగుతుంది. సిస్టీన్‌ను పట్టుకోవడానికి విథాఫెరిన్‌కు ఆ రిసెప్టరే అక్కర్లేదు. సరైన జోడీ 2,3-డైహైడ్రో విథాఫెరిన్ ఏ: అస్థిపంజరం అదే, ఈనోన్ మాత్రం లేదు. అదీ అంతే గట్టిగా పనిచేస్తే మీరు చూస్తున్నది ఈనోన్ సిస్టీన్‌ను పట్టే కథ కాదు.

ఖర్చు తగ్గుతుందని అశ్వగంధ వేరు సారం కొని కణాల మీద పోయడం మాత్రం వద్దు. డబ్బా మీది ‘విథనొలైడ్లు ఇంత శాతం’ అన్నది మొత్తం కుటుంబం లెక్క, వేరులో విథాఫెరిన్ వాటా ఆకులోకంటే తక్కువ. సారంలోని రసాయనాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీలో విథాఫెరిన్ ఏ శిఖరం విడిగా చూపించి అంకె ఇవ్వమనండి. ఇవ్వలేకపోతే ఆ పొడితో డోస్ కర్వ్ గీయలేరు, ఎక్స్ అక్షం మీద రాయడానికి ఏమీ ఉండదు.