హెడ్‌లైట్ వెలుగు తగ్గితే ఏది మేలు: బల్బు మార్చడమా, ఎల్‌ఈడీ పెట్టడమా, అద్దం రుద్దడమా?

రాత్రిపూట రోడ్డు మునుపటిలా కనిపించడం లేదని చెబితే చాలు, చుట్టూ ఉన్నవాళ్లు ఒకటే మాట అంటారు: "ఎల్‌ఈడీ వేయించేయండి." నేను ముందు రెండు వైపులా కొత్త హాలోజన్ బల్బులు (సన్నని తీగ వేడెక్కి వెలిగే రకం) వేశాను. పెద్ద తేడా రాలేదు. తర్వాత ఎల్‌ఈడీ పెట్టాను. వెలుగు తెల్లబడింది, కానీ ఎదురొచ్చే బండ్లు వరసగా నాకు హై బీమ్ కొట్టి చూపించడం మొదలుపెట్టాయి. చివరికి ఒక పూట కూర్చుని హెడ్‌లైట్ అద్దాన్ని రుద్ది, మళ్లీ హాలోజన్ బల్బులే పెట్టాక రోడ్డు కనిపించింది. నేను చివర చేసిన పనే అందరూ ముందు చేయాలని గట్టిగా నమ్ముతున్నాను.

అద్దం అంటాం గానీ ఇప్పటి కార్లలో అది గాజు కాదు, పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్. చిన్న రాయి తగిలితే పగలదు, కానీ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఆగలేదు. అందుకే తయారీలోనే దానిమీద ఒక గట్టి పూత వేస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పూత అరిగి, ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. అప్పుడు బల్బు ఎంత బాగా వెలిగినా కాంతి ఆ పొరలో చెదిరిపోతుంది. రోడ్డు మీద పడాల్సిన వెలుగులో కొంత ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. పగటిపూట కారు ముందు నిలబడి చూడండి. లోపలి రిఫ్లెక్టర్ (కాంతిని ముందుకు తిప్పే మెరిసే గిన్నె) స్పష్టంగా కనిపించకపోతే బల్బు సంగతి తర్వాత.

రుద్దడంలోనూ రెండు దారులున్నాయి. టూత్‌పేస్టుతో రుద్దితే అద్దం అప్పటికప్పుడు మెరుస్తుంది. అందులో ఉండేది సన్నని గరుకు పొడి, అది పైపై మసకను మాత్రమే తీస్తుంది. సగం పోయిన పూత అలాగే ఉండిపోతుంది, కొన్ని వారాల్లో మసక మళ్లీ వస్తుంది. పెయింటర్లు వాడే వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ సన్నం) దారి వేరు. చుట్టూ ఉన్న రంగుకు గీతలు పడకుండా మాస్కింగ్ టేప్ వేసి, నీళ్లు పోస్తూ 800 లేదా 1000 నంబరుతో మొదలుపెట్టి 1500, 2000, 3000 వరకు వెళ్లాలి. మొదట్లో పసుపు నీళ్లు కారతాయి. అవి తెల్లబడేదాకా మొదటి నంబరు వదలకూడదు. ఈ దశలో అద్దం మొత్తం పాలలా తెల్లగా అయిపోతుంది, పాడుచేశామేమోనని టెన్షన్ వస్తుంది. కంగారు పడొద్దు, 3000 దాటి పాలిష్ పట్టగానే తేటపడుతుంది.

అయితే చాలామంది అక్కడితో ఆపేస్తారు. పాత పూతను మనమే తీసేశాం కాబట్టి ఇప్పుడు ప్లాస్టిక్ నేరుగా ఎండకు ఎదురవుతుంది, కొన్ని నెలల్లోనే ముందుకన్నా త్వరగా పసుపెక్కుతుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే పారదర్శక పూత, అంటే యూవీ క్లియర్ కోట్ వేస్తేనే పని పూర్తయినట్టు. స్ప్రే చేసేటప్పుడు గాలి ఆడే చోట మాస్క్ పెట్టుకోండి, ఆ ఆవిర్లు ఊపిరితిత్తులకు మంచివి కావు.

ఇక బల్బు. హాలోజన్ సాధారణంగా కొద్దికొద్దిగా తగ్గడం కన్నా ఒక్కసారిగా కాలిపోవడమే ఎక్కువ. గాజు నల్లబడి ఉంటే మార్చండి, రెండూ కలిపి మార్చండి. వేళ్లతో గాజును తాకకూడదు. చర్మం నూనె అంటిన చోట వేడి ఎక్కువై బల్బు త్వరగా పోతుంది. కొత్త బల్బు వేసినా వెలుగు మసకగానే ఉంటే కరెంటు సరిగ్గా అందుతోందా అని చూడాలి. హాలోజన్‌కు వోల్టేజ్ 5 శాతం తగ్గితే వెలుగు సుమారు 15 శాతం తగ్గుతుంది. ఇంజన్ ఆన్‌లో, లైట్లు వెలుగుతుండగా మల్టీమీటర్‌తో బ్యాటరీ దగ్గర, తర్వాత బల్బు హోల్డర్ దగ్గర కొలవండి. తేడా అర వోల్టు దాటితే తుప్పు పట్టిన ఎర్త్ తీగో, వదులైన హోల్డరో కారణం కావచ్చు. ఆ చోటు శుభ్రం చేస్తే ఉన్న బల్బే మళ్లీ బాగా వెలుగుతుంది. హై బీమ్, లో బీమ్ రెండూ ఒకే బల్బులో ఉండే 60/55 వాట్ల హెచ్4 రకం బదులు 100/90 వాట్లది పెట్టేవాళ్లూ ఉన్నారు. రిలే (ఎక్కువ కరెంటును విడిగా అందించే స్విచ్) లేకుండా అది పెడితే హోల్డర్ కరిగిపోవచ్చు. ఆ దారి అసలు వద్దు.

ఎల్‌ఈడీ మీద నాకు కోపం లేదు. ఫ్యాక్టరీలోనే ఎల్‌ఈడీతో వచ్చిన హెడ్‌లైట్లు అద్భుతంగా ఉంటాయి, ఎందుకంటే అక్కడ లెన్సూ రిఫ్లెక్టరూ ఆ చిప్‌ల కోసమే రూపొందాయి. చిక్కంతా హాలోజన్ గూటిలో ఎల్‌ఈడీ బల్బు దూర్చడంతోనే. హెచ్4 బల్బులో లో బీమ్ ఫిలమెంట్ (వెలిగే తీగ) కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. కిందికి పోయే కాంతిని అది ఆపడం వల్లే రోడ్డు మీద వెలుగుకు పైన ఒక గీత ఏర్పడుతుంది. ఎల్‌ఈడీ బల్బులో చిప్‌లు చదునైన పలకకు రెండు వైపులా ఉంటాయి. ఫిలమెంట్ ఉండాల్సిన చోటు, కొలత కాస్త మారినా రిఫ్లెక్టర్ లెక్క తప్పుతుంది, ఆ గీత చెదిరి వెలుగు ఎదుటివాళ్ల కళ్లలోకి పోతుంది. ఇంకో సంగతి, కారు ముందు దగ్గరి రోడ్డు మరీ తెల్లగా మెరిస్తే కన్ను దానికే అలవాటుపడి దూరం చీకటిగా తోస్తుంది. మనకు వెలుగు పెరిగినట్టు ఉంటుంది, కానీ దూరాన అడ్డొచ్చేది ఆలస్యంగా కనిపిస్తుంది. చాలా దేశాల్లో ఈ మార్పిడికి చట్టం ఒప్పుకోదు. జర్మనీలో 2020లో ఒస్రామ్ అనే బల్బుల కంపెనీ వారి హెచ్7 (ఇంకో బల్బు రకం) ఎల్‌ఈడీకి అనుమతి వచ్చింది, అదీ పరీక్షించి జాబితాలో చేర్చిన కార్లకే.

మరి కొత్త అసెంబ్లీ, అంటే హెడ్‌లైట్ మొత్తం, ఎప్పుడు కొనాలి? మసక లోపలి వైపు ఉంటే బయట ఎంత రుద్దినా పోదు. రిఫ్లెక్టర్‌కు వెండిలా మెరిసే పూత మాడి రాలిపోయినా, అడుగున నీళ్లు నిలిచినా కొత్తది తప్పదు. తడి వాతావరణంలో లోపల సన్నని ఆవిరి పట్టి, లైటు వేశాక కాసేపటికి పోతుంటే మాత్రం భయపడక్కర్లేదు.

ఏ పని చేసినా చివర్లో, వెలుగు సరైన ఎత్తులో పడుతోందో చూడటానికి గోడ పరీక్ష చేయండి. టైర్లలో గాలి సరిచూసి, ఒకరు డ్రైవర్ సీట్లో కూర్చోగా, సమతలం మీద కారును గోడకు దగ్గరగా నిలిపి హెడ్‌లైట్ మధ్య ఎత్తును గోడ మీద టేప్‌తో గుర్తు పెట్టండి. తర్వాత కారును తిన్నగా 10 మీటర్లు వెనక్కి తీసుకెళ్లి లో బీమ్ వేయండి. వెలుగు పై గీత టేప్‌కు సుమారు 10 సెంటీమీటర్లు, అంటే దూరంలో 1 శాతం, కింద ఉండాలి. హెడ్‌లైట్ మీద ముద్రించిన శాతం వేరేగా ఉంటే దాన్నే పాటించండి: 1.3 శాతం అని ఉంటే 13 సెంటీమీటర్లు.